పాస్‌పోర్టు ఏ దేశానిది? – విదేశాల నుంచి పెద్ద మొత్తాలు పంపే మన దాతలకు

నడికుడి జంక్షన్‌లో సికింద్రాబాద్ బండి ఎక్కి, అక్కడి నుంచి రియాద్, కువైట్, దుబాయ్ వెళ్లినవారి కష్టార్జితం మన పల్నాడులో ఎన్నో పనులు చేసింది. ఇళ్లకు శ్లాబులు పోసింది, చెల్లెళ్ల నిఖాలు జరిపించింది, తమ్ముళ్లను చదివించింది. ఆ తరం పిల్లల్లో కొందరు ఇప్పుడు అమెరికాలో, కెనడాలో, లండన్‌లో ఉన్నారు. వెనక వాళ్లు నెలనెలా వేలల్లో పంపేవారు. వీళ్లు ఏడాదికి ఒకసారి లక్షల్లో పంపుతామంటున్నారు. ఫోన్ చేసి అడిగే ప్రశ్న మాత్రం అందరిదీ ఒకటే: "భాయ్, ఒకేసారి ఇరవై లక్షలు వేస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు పట్టుకుంటారా?"

మొత్తం పెద్దదని ఎవరూ పట్టుకోరు. డబ్బు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి రావడం ఆదాయం కాదు, దాని మీద పన్నూ లేదు. చట్టం అడిగేది వేరు: ఎవరు పంపారు, ఎవరికి పంపారు, ఏ ఖాతా నుంచి, ఎందుకోసం. మన సొసైటీ లాంటి సంస్థకు పంపేటప్పుడు వీటికి తోడు ఇంకో ప్రశ్న ఉంది, అన్నిటికన్నా పెద్దది అదే: పంపినవారి పాస్‌పోర్టు ఏ దేశానిది? ఆ సంగతి కొంచెం వివరంగా రాస్తాను. ముందు ఇంటి డబ్బు సంగతి చూద్దాం.

గల్ఫ్‌లో ఉన్న కొడుకు తల్లిదండ్రులకు, భార్యకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఎంత పంపినా ఇక్కడ పన్ను లేదు. రూ. 50 వేలు దాటితే పన్ను అని ఊళ్లో ఒక మాట తిరుగుతోంది. అది బంధువులు కానివారు ఇచ్చిన సొమ్ముకు. ఒక ఆర్థిక సంవత్సరంలో అలాంటి సొమ్ము మొత్తం కలిపి రూ. 50 వేలు దాటితే, అంతా తీసుకున్నవారి ఆదాయంలో కలుస్తుంది. అయితే 'బంధువు' అంటే ఆదాయపు పన్ను చట్టంలో ఒక జాబితా ఉంది, అది మన చుట్టరికాలతో పూర్తిగా కలవదు. చాచా తన అన్న కొడుక్కి పది లక్షలు ఇస్తే పన్ను లేదు. అదే అన్న కొడుకు దుబాయ్ నుంచి చాచాకు పది లక్షలు పంపితే పన్ను ఉంది! ఎందుకంటే తీసుకునేవారి వైపు నుంచి చూస్తే తల్లిదండ్రుల తోబుట్టువులు జాబితాలో ఉన్నారు, తోబుట్టువుల పిల్లలు లేరు. చాచా కొడుకులు, మామూ కొడుకులు కూడా లేరు. బావ, వదిన ఉన్నారు. పెళ్లి సందర్భంలో వధూవరులకు వచ్చిన కానుకలకు మాత్రం ఎవరిచ్చినా పన్ను లేదు. అందువల్ల చాచా వైద్యానికి పెద్ద మొత్తం పంపాలంటే, ముందు మీ నాన్నగారికి పంపితే ఆయన తమ్ముడికి ఇచ్చుకోవచ్చు. ఇద్దరూ బతికి ఉండాలి, నిజంగా ఇవ్వాలి, కాగితం మీద ఉండాలి.

గల్ఫ్‌లో ఉన్నవారిని ఇంకో భయం పట్టి పీడిస్తోంది: 'అక్కడ జీతం మీద పన్ను లేదు కాబట్టి ఇండియాలో వేస్తారట' అని. 2020లో వచ్చిన మార్పును సగం విని పుట్టిన భయం ఇది. ఏ దేశంలోనూ పన్ను కట్టక్కరలేని భారత పౌరుడికి ఇండియాలో వచ్చే ఆదాయం రూ. 15 లక్షలు దాటితే ఇక్కడి నివాసిగా లెక్కిస్తారు. అప్పుడు కూడా అక్కడి జీతం జోలికి రారు. సౌదీలో డ్రైవరుగా, కువైట్‌లో మేస్త్రీగా పనిచేసే మనవాళ్లకు ఈ నిబంధనతో సంబంధమే లేదు.

వాళ్లు నిజంగా చూసుకోవలసింది బ్యాంకు ఖాతా. విదేశానికి వెళ్లాక కూడా దాచేపల్లి బ్రాంచిలో పాత సేవింగ్స్ ఖాతానే నడుపుకునేవారు చాలామంది ఉన్నారు. అది తప్పు. ఆ ఖాతాను ఎన్.ఆర్.ఓ.గా మార్పించుకోవాలి, విదేశీ సంపాదనకు ఎన్.ఆర్.ఇ. ఖాతా తెరుచుకోవాలి. ఎన్.ఆర్.ఇ. డబ్బును ఎప్పుడంటే అప్పుడు తిరిగి బయటికి తీసుకుపోవచ్చు, దాని వడ్డీపై ఇక్కడ పన్ను లేదు (వడ్డీ తీసుకోవచ్చా లేదా అన్నది వేరే సంగతి, అది మీకూ తెలుసు). ఎన్.ఆర్.ఓ. అంటే ఇక్కడి అద్దెలు, కౌళ్లు, పొలం అమ్మిన డబ్బు వేసుకునేది.

మనవాళ్ల పేర్ల వల్ల వచ్చే చిక్కు ఒకటుంది, ఏ బ్యాంకు బోర్డు మీదా అది రాయరు. ఒక్కో వీధిలో ఒకే పేరు గలవాళ్లు పదిమంది ఉంటారు. బ్యాంకుల కంప్యూటర్లు ప్రతి పేరునూ నిషేధిత జాబితాలతో సరిచూస్తాయి, పేరు కలిస్తే డబ్బు రోజుల తరబడి ఆగిపోతుంది. దానికి తోడు ఆధార్‌లో 'షేక్', బ్యాంకు పుస్తకంలో 'ఎస్.కె.', పాస్‌పోర్టులో ఇంటిపేరే లేకపోవడం, ఉన్నచోట ఇంగ్లీషు స్పెల్లింగు మూడు రకాలు! పెద్ద మొత్తం పంపే ముందు ఇటువైపు, అటువైపు పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూసుకోండి. బ్యాంకు వివరణ అడిగితే నొచ్చుకోకుండా పుట్టినతేదీతో సహా ఇచ్చేయండి, ఆగింది కదులుతుంది.

హవాలా గురించి

ఫిఖ్‌లో హవాలా గౌరవమైన మాట. ఒకరి అప్పు తీర్చే బాధ్యతను ఇంకొకరు ఒప్పుకోవడం దాని అర్థం. ఆ పేరుతో ఇప్పుడు నడుస్తున్న వ్యాపారానికీ ఆ అర్థానికీ సంబంధం లేదు. జిద్దాలో రియాళ్లు తీసుకుని గుంటూరులో రూపాయలు ఇంటికి తెచ్చిస్తారు. రేటు పది పైసలు ఎక్కువ, కాగితాలు అడగరు, శుక్రవారం కూడా ఇస్తారు. అవసరంలో ఉన్నవాడికి ఇది మేలుగానే కనిపిస్తుంది. నేను వాళ్లను తిట్టను.

కానీ ఆ డబ్బు ఎవరిదో తెలియదు. ఇచ్చినవాడికీ తెలియదు. విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం, అంటే 1999 నాటి ఫెమా కింద అధీకృతం కాని మనిషి ద్వారా తీసుకున్న సొమ్ముకు మూడింతల వరకు జరిమానా వేయవచ్చు. ఆ నగదుతో స్థలం కొంటే, ఎక్కడిదని ఆదాయపు పన్ను అధికారి అడిగిన రోజున 'మా అబ్బాయి పంపాడు' అన్న మాట తప్ప చేతిలో ఏమీ ఉండదు. లెక్క చెప్పలేని సొమ్ముపై పన్ను, సర్‌చార్జి, సెస్సు కలిపి భారీగా పడతాయి. పదేళ్లు ఎడారిలో చెమటోడ్చి హలాల్‌గా సంపాదించిన సొమ్ము, వచ్చిన దారి వల్ల నల్లడబ్బు కింద లెక్క అవుతుంది. ఈమధ్య నగదు ఇవ్వకుండా ఎవరెవరి ఖాతాల నుంచో ఫోన్‌పేలో వేస్తున్నారు. అది ఇంకా ప్రమాదం. ఆ ఖాతాల్లో ఏ ఒక్కటి సైబర్ మోసం కేసులో ఉన్నా, తీసుకున్న తల్లి ఖాతా కూడా స్తంభించిపోతుంది. ఏ రాష్ట్రం పోలీసులు ఆపారో కనుక్కునేసరికే నెల గడుస్తుంది.

చేత్తో తెచ్చుకునేవారికి ఒక్క మాట. ఇండియాలో దిగేటప్పుడు విదేశీ నోట్లు 5 వేల డాలర్ల విలువ దాటినా, నోట్లు, ట్రావెలర్స్ చెక్కులు కలిపి 10 వేల డాలర్లు దాటినా కస్టమ్స్‌లో డిక్లరేషన్ ఇవ్వాలి. ఇస్తే ఏ ఇబ్బందీ లేదు.

సొసైటీకి ఇచ్చేటప్పుడు

ఇప్పుడు అసలు విషయం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 ప్రకారం విదేశీ పౌరుడు ఎవరైనా 'విదేశీ మూలం'. అతను నడికుడిలో పుట్టాడా, మన మదర్సాలోనే ఖాయిదా చదివాడా అన్నది చట్టానికి పట్టదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజు నుంచి అతను ఇచ్చేది విదేశీ విరాళమే. చేతిలో ఓ.సి.ఐ. కార్డు ఉన్నా అంతే, ఎందుకంటే ఆ కార్డు పౌరసత్వం కాదు. అలాంటి విరాళం తీసుకోవాలంటే సంస్థకు కేంద్ర హోంశాఖ దగ్గర రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు సంస్థ కనీసం మూడేళ్లుగా నడుస్తూ ఉండాలి, ఆ మూడేళ్లలో అసలు పనులపై రూ. 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము దిగేది ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే. ఇంకో సంస్థకు బదలాయించకూడదు. కార్యాలయ ఖర్చులు 20 శాతం మించకూడదు. ఈ సవరణలను సవాలు చేస్తే 2022 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది.

మన సొసైటీకి ఈ రిజిస్ట్రేషన్ లేదు. కాబట్టి విదేశీ పౌరులైన మన బిడ్డలే ఇస్తామన్న సొమ్మును వద్దనవలసి వస్తోంది. వాళ్లకు బాధగా ఉంటోంది, కొందరికి కోపం కూడా వస్తోంది. 'పరాయివాళ్లమయ్యామా?' అని అడుగుతున్నారు. కాలేదు. కానీ ఆ ఒక్క జమ వల్ల సొసైటీ ఖాతా ఆగితే, ఆ నెల డయాలసిస్‌కు వెళ్లవలసిన మనిషికి, పరీక్ష ఫీజు కట్టవలసిన పిల్లకు ఏం చెప్పాలి?

'మా తమ్ముడి ఖాతాలో వేస్తాను, వాడు మీకిస్తాడు' అని కొందరంటారు. ఈ దారి కూడా మూసే ఉంది. విదేశీ మూలం నుంచి వచ్చిన సొమ్ము ఒకరి చేతి నుంచి వచ్చినా, నలుగురి చేతులు మారి వచ్చినా విదేశీ విరాళమేనని చట్టంలో స్పష్టంగా రాసి ఉంది. తమ్ముడికి ఇంటి ఖర్చుకు పంపుకోవచ్చు, అది కుటుంబ విషయం. విదేశీ పౌరులైన దగ్గరి బంధువుల నుంచి ఒక సంవత్సరంలో రూ. 10 లక్షల వరకు ఎవరికీ తెలపనక్కర లేదు, దాటితే మూడు నెలల్లోగా హోంశాఖకు తెలపాలి. సొసైటీ కోసమని తమ్ముడి ఖాతా వాడుకోవడం మాత్రం తమ్ముణ్ణి కూడా ఇరికించడమే.

భారత పాస్‌పోర్టు ఉన్నవారి సంగతి దీనికి పూర్తిగా వేరు. మన పౌరుడు ఏ దేశంలో ఉన్నా, తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో ఇచ్చేది విదేశీ విరాళం కాదు. గల్ఫ్‌లో ఉన్నవారు, అమెరికాలో హెచ్-1బి మీద ఉన్నవారు, గ్రీన్‌కార్డు ఉన్నా పౌరసత్వం తీసుకోనివారు అందరూ ఇందులోకి వస్తారు. పాస్‌పోర్టు వివరాలు తీసి ఉంచుకోమని హోంశాఖే సంస్థలకు సూచించింది. అందుకే మేము పాస్‌పోర్టు మొదటి పేజీ అడుగుతాం, అనుమానంతో కాదు.

ఇక్కడ తెలియక చిక్కుకునే చోట్లు కొన్ని ఉన్నాయి. భర్తది ఇండియా పాస్‌పోర్టు, భార్యది అమెరికా పాస్‌పోర్టు, ఖాతా ఇద్దరిదీ అయితే, ఆ ఖాతా నుంచి కాకుండా భర్త ఒక్కడి పేరున ఉన్న ఎన్.ఆర్.ఇ. ఖాతా నుంచి పంపడం మేలు. ఒకరు వాట్సాప్ గ్రూపులో పదిమంది దగ్గర వసూలు చేసి ఒకే మొత్తంగా పంపకండి. అందులో ఇద్దరు విదేశీ పౌరులున్నా మొత్తం కలుషితమవుతుంది. ఎవరిది వారే పంపాలి. ఉద్యోగి ఇచ్చినంత తామూ కలిపి ఇచ్చే అలవాటు అమెరికా కంపెనీల్లో ఉంది. ఆ కంపెనీ విదేశీ మూలం కాబట్టి దాని వాటా మనకు వద్దు. వెస్ట్రన్ యూనియన్ వంటి మనీ ట్రాన్స్‌ఫర్ కౌంటర్ల నుంచి సొసైటీ పేరున పంపకండి. రిజర్వు బ్యాంకు ఆ పథకాన్ని కుటుంబ అవసరాలకే పరిమితం చేసింది, ఒకసారికి 2,500 డాలర్ల హద్దు కూడా ఉంది. దాన ధర్మాల సంస్థలకు ఆ దారి నిషిద్ధం.

విదేశీ పౌరులైనవారు ఏం చేయాలి? తాముంటున్న దేశంలో రిజిస్టరై, ఇండియాలో అనుమతి ఉన్న సంస్థల ద్వారా పనిచేసే సంస్థకు ఇవ్వవచ్చు. అమెరికాలో అయితే అక్కడి పన్ను మినహాయింపు కూడా దక్కేది అలాంటి సంస్థకు ఇస్తేనే. ఇండియాలోని సొసైటీకి నేరుగా ఇస్తే ఎలాగూ దక్కదు. ఆ డబ్బు నడికుడికే రాకపోవచ్చు. ఇంకో ఊరి పేదవాడికి చేరుతుంది.

గుప్తదానం చేయాలని, 'పేరు రాయకండి' అనేవారు మనలో ఎక్కువ. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్నది మన దీన్ నేర్పిన అదబు. చట్టం మాత్రం దాత పేరు, చిరునామా సంస్థ దగ్గర ఉండాలంటుంది. పేరు లేని విరాళాలు మొత్తం విరాళాల్లో 5 శాతం గానీ లక్ష రూపాయలు గానీ, ఏది ఎక్కువైతే అది దాటితే, పైమొత్తం మీద 30 శాతం పన్ను పడుతుంది. కేవలం ధార్మిక సంస్థలకు, అంటే మసీదు వంటివాటికి ఇది వర్తించదు. మనలాగా వైద్యం, చదువు చూసేవారికి వర్తిస్తుంది. అందుకే మీ పేరు రిజిస్టరులో రాస్తాం, బోర్డు మీద రాయం. ఈ సంచికలో దాతల జాబితాలో వేయవద్దంటే వేయం. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, అల్ బఖరా 282, అప్పు ఒప్పందాన్ని సాక్షులతో రాసిపెట్టుకోవడం గురించే. రాయడం ఇఖ్లాస్‌కు అడ్డని అనుకోనక్కరలేదు.

రసీదు, 80జి గురించి అడిగేవారికి: రూ. 2 వేలు దాటిన నగదు విరాళానికి మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి 80జి మినహాయింపే లేదు. ఇండియాలో పన్ను కట్టే ఆదాయం లేని గల్ఫ్ సోదరులకు దానితో పనిలేదు. ఒకే మనిషి నుంచి ఒకే రోజు రూ. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్న సంస్థకు అంతే మొత్తం జరిమానా పడవచ్చు. దయచేసి రంజాన్‌లో నగదు కట్టలు తీసుకుని ఆఫీసుకు రాకండి. 1961 చట్టం స్థానంలో వచ్చిన ఆదాయపు పన్ను చట్టం 2025కు అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. ఈ సెక్షన్ల నంబర్లు కొత్త చట్టంలో వేరు, రసీదు మీద కొత్త నంబరు చూసి కంగారుపడకండి.

అమెరికాలో ఉన్నవారు

రిజర్వు బ్యాంకు 2025 మార్చిలో ప్రకటించిన సర్వే ప్రకారం 2023-24లో ఇండియాకు ప్రవాసులు పంపిన సొమ్ములో 27.7 శాతం అమెరికా నుంచి, 19.2 శాతం యు.ఎ.ఇ. నుంచి వచ్చింది. కాబట్టి అటువైపు నిబంధనలు కూడా మనకు కావలసినవే. అక్కడ పన్ను కన్నా ఫారాలు వేయకపోవడమే ముప్పు. అక్కడి నివాసికి ఇండియాలో, ఇతర దేశాల్లో ఉన్న ఖాతాలన్నీ కలిపి సంవత్సరంలో ఏ ఒక్క రోజైనా 10 వేల డాలర్లు దాటితే 'ఎఫ్‌బార్' అనే వివరణ ఇవ్వాలి. నాన్నగారి ఫిక్సెడ్ డిపాజిట్‌లో రెండో పేరుగా ఉన్నా అది లెక్కే. మనవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. ఎన్.ఆర్.ఇ. వడ్డీకి ఇక్కడ పన్ను లేకపోయినా అక్కడ ఉంది. ఇక్కడి తల్లిదండ్రుల నుంచి ఏడాదిలో లక్ష డాలర్లకు మించి కానుకగా గానీ వారసత్వంగా గానీ అందితే 3520 ఫారం వేయాలి. పన్ను ఉండదు, వేయకపోతే ఆ మొత్తంలో 25 శాతం వరకు జరిమానా పడవచ్చు. అటు నుంచి ఒక్కొక్కరికి 2025లో 19 వేల డాలర్ల వరకు కానుక ఇస్తే ఏ ఫారం అక్కరలేదు. దాటితే ఫారం వేయాలి, సాధారణంగా పన్ను పడదు. 2026 జనవరి 1 నుంచి నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్స్ చెక్కు ఇచ్చి విదేశాలకు పంపే సొమ్ము మీద అమెరికా 1 శాతం పన్ను వేస్తోంది. బ్యాంకు ఖాతా నుంచి పంపేదానికి లేదు.

ఇక్కడి నుంచి అటు పంపాలంటే

నాన్నగారు పోయాక మిర్చి పొలం అమ్మి పిల్లలకు పంచడం ఇప్పుడు తరచూ జరుగుతోంది. విదేశీ పౌరుడైన వారసుడు కూడా వారసత్వంగా వచ్చిన సాగుభూమిని ఉంచుకోవచ్చు. అమ్మితే ఇక్కడ నివసించే భారత పౌరుడికే అమ్మాలి. కొత్తగా కొనకూడదు. గ్రామీణ సాగుభూమి అమ్మకంపై మూలధన లాభం పన్ను లేదు. అయితే దాచేపల్లి, గురజాల నగర పంచాయతీలయ్యాక చుట్టుపక్కల భూమి ఆ హద్దులోకి వచ్చిందో లేదో కొలిపించుకోవాలి. స్థలం, ఇల్లు అయితే అమ్మే ప్రవాసికి ఇచ్చే సొమ్ములోంచి కొనేవారే పన్ను పట్టుకుని కట్టాలి. ఇది కొనేవారి మెడకు చుట్టుకునే విషయం, చాలామందికి తెలియదు. వచ్చిన డబ్బు ఎన్.ఆర్.ఓ. ఖాతాలో వేసి, ఆడిటర్ సర్టిఫికెట్‌తో సంవత్సరానికి 10 లక్షల డాలర్ల వరకు బయటికి పంపుకోవచ్చు. అన్న ఒక్కడే మొత్తం అమ్మి చెల్లెలి వాటా 'తర్వాత పంపుతా' అంటే కుదరదు. ఆమె షరియత్ వాటా ఆమె పేరున, ఆమె పాన్ మీద, ఆమె ఖాతాలోనే పడాలి. అలా అయితేనే ఆమె ఆ సొమ్మును అక్కడ లెక్కలో చూపుకోగలదు.

పిల్లల చదువుకు ఇక్కడి నుంచి ఫీజు పంపే తల్లిదండ్రులకు ఏడాదికి 2.5 లక్షల డాలర్ల హద్దు ఉంది. 2025 ఏప్రిల్ నుంచి రూ. 10 లక్షలు దాటిన భాగంపై బ్యాంకు కొంత పన్ను పట్టుకుంటుంది, బ్యాంకు విద్యారుణంతో కట్టే ఫీజుకైతే ఏమీ పట్టుకోరు. పట్టుకున్నది రిటర్న్ వేస్తే తిరిగి వస్తుంది.

సొసైటీకి పంపే భారత పౌరులు డబ్బు వేసిన రోజే పాస్‌పోర్టు మొదటి పేజీ, పాన్ నంబరు, ఏ ఖాతా నుంచి పంపారో ఆ వివరం, 'ఇది నా సొంత సంపాదన' అని ఒక వాక్యం కోశాధికారికి పంపండి. జకాతా, సదఖాయా, వైద్య నిధికా అన్నది కూడా రాయండి, జకాత్ పద్దు మేము విడిగా నడుపుతున్నాం. బ్యాంకు పర్పస్ కోడ్ అడిగితే ధార్మిక, ధర్మ సంస్థలకు విరాళం అన్నది పి1303. ఇంటి ఖర్చులకు వాడే పి1301 ఇక్కడ వేయకండి. మార్చి 31తో ముగిసే సంవత్సరానికి దాతల పట్టికను మే 31లోగా ఆదాయపు పన్ను శాఖకు మేము దాఖలు చేయాలి. ఆలస్యమైతే సొసైటీకి రోజుకు రూ. 200 రుసుము. ఆ తేదీలోగా మీ వివరాలు అందితేనే విరాళం సర్టిఫికెట్ మీ పేరున వస్తుంది.